పానా పట్టే ముందు: డీజిల్ మెకానిక్ ఎలా తయారవుతారు

లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లారీకి పికప్ అందడం లేదు. పొద్దున్నే స్టార్ట్ కావాలంటే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. ఈ రెండు మాటలు చెప్పి డ్రైవర్ బండిని షెడ్డులో వదిలి వెళ్తాడు. మొదట చూసిన మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మారుస్తాడు, తేడా రాదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మారుస్తాడు, అదే కథ. చివరికి సిలిండర్లలోకి డీజిల్ కొట్టే ఇంజెక్టర్లు విప్పి టెస్టింగుకు పంపుతాడు. అవి బాగానే ఉన్నాయని తిరిగొస్తాయి.

రెండో మెకానిక్ ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే పైపును ఒకచోట విప్పి, మధ్యలో జానెడు పొడవు పారదర్శక గొట్టం తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి కూర్చుంటాడు. గొట్టంలో డీజిల్‌తో పాటు సన్నటి బుడగలు వరసకట్టి పోతుంటాయి. ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. పైపు వెంబడి వెతుక్కుంటూ వెళ్తే ట్యాంకు మీది జాయింటు దగ్గర వాషర్ చిట్లి ఉంటుంది. బయట చుక్క తడి కూడా లేదు. ఉండదు కూడా. ఫీడ్ పంపుకు ముందున్న పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ కాబట్టి, అక్కడ సందు పడితే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వస్తుంది. ఇంజిన్ ఆపి రాత్రంతా వదిలేస్తే ఆ సందు గుండా గాలి దూరి, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు ముందు ఆ ఖాళీ పైపును నింపుకోవాలి. డ్రైవర్ చెప్పిన రెండు మాటలకూ కారణం ఆ ఒక్క వాషరే.

ఇద్దరికీ పానా పట్టడం వచ్చు. ఇంజిన్ విప్పి బిగించడంలో మొదటివాడిదే వేగం ఎక్కువ కావచ్చు కూడా. అయినా పదేళ్ల తర్వాత ఈ ఇద్దరూ ఒకే చోట ఉండరు. డీజిల్ మెకానిక్ పనిలో పైకి వచ్చేవాళ్లను, అక్కడే ఆగిపోయేవాళ్లను వేరు చేసేది చేతి బలం కాదు, కోర్సు సర్టిఫికెట్ కూడా అంతగా కాదు. విప్పే ముందు కొలిచే అలవాటు ఉందా లేదా అన్నదే తేడా. ఈ వృత్తిలోకి ఎలా రావాలని అడిగేవాళ్లకు సాధారణంగా చెప్పేవి కోర్సుల పేర్లు. వాటికంటే ఈ అలవాటు ఎక్కడ, ఎలా పడుతుందన్నది ముఖ్యం.

ముందు ఇంజిన్ సంగతి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజిన్‌కూ, ఇవాళ్టి లారీ ఇంజిన్‌కూ సూత్రం ఒక్కటే. గాలిని పదిహేను, పద్దెనిమిది రెట్లు కుదించి నొక్కితే అది 500 డిగ్రీల సెల్సియస్ పైకి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ను తుంపరగా కొడితే దానంతటదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. అందుకే డీజిల్ ఇంజిన్‌లో ఏ తేడా వచ్చినా అడగాల్సినవి మూడే ప్రశ్నలు. గాలి సరిపడా వస్తోందా? ఆ గాలి సరిపడా వేడెక్కుతోందా? డీజిల్ సరైన సమయానికి, సరైన కొలతలో, సరైన తుంపరగా పడుతోందా? కొత్తగా వచ్చినవాళ్లు ఈ మూడింటినీ పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోతారు. చేయి తిరిగినవాళ్లు ప్రతి బండి దగ్గరా ఇవే మళ్లీ వేసుకుంటారు.

రెండో ప్రశ్ననే తీసుకుందాం. గాలి వేడెక్కాలంటే పిస్టన్ వేగంగా పైకి రావాలి. నెమ్మదిగా వస్తే వేడి సిలిండర్ గోడల్లోకి పోతుంది, ఒత్తిడి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. అంటే సెల్ఫ్ తిరిగే వేగం తగ్గినా ఇంజిన్ అంటుకోదు. 'సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగున్నట్టే' అన్న మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. బండ్లను అనవసరంగా విప్పించిన మాటల్లో ఇదొకటి. పెద్ద ఇంజిన్ తిప్పే స్టార్టర్ వందల ఆంపియర్లు లాగుతుంది. 500 ఆంపియర్లు పోయే దారిలో ఒక ఓములో వెయ్యో వంతులు రెండు అడ్డం పడినా ఒక వోల్టు అక్కడే పోతుంది. దీన్నే వోల్టేజి డ్రాప్ అంటారు. అంత చిన్న అడ్డంకిని మామూలు మల్టీమీటర్‌తో ఓముల్లో కొలిస్తే కనిపించదు. లోపల తీగలన్నీ తుప్పు పట్టి తెగిపోయి ఒక్క పోగు మిగిలిన కేబుల్‌కైనా మీటర్ 'బీప్' అని బాగుందనే చెబుతుంది. అందుకే సెల్ఫ్ కొడుతూనే కొలవాలి. మీటర్ ఒక మొన బ్యాటరీ టెర్మినల్ మీద, రెండోది స్టార్టర్ మీది బోల్టు మీద పెట్టి, సెల్ఫ్ కొట్టమని చెప్పి, అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తోందేమో చూడాలి. ఎర్తింగ్ వైపు కూడా అంతే. రెండు నిమిషాల పని. ఇది తెలియకే స్టార్టర్ మోటారు, బ్యాటరీలు, ఒక్కోసారి రింగుల సెట్టు కూడా మారిపోతుంటాయి.

ఇక ఈ వృత్తిలోకి వచ్చే దారి. శిక్షణ సంస్థలో కోర్సు చేసి రావడం ఒకటి, షెడ్డులో హెల్పర్‌గా చేరి నేర్చుకోవడం ఇంకొకటి, రెండూ కలిసిన అప్రెంటిస్‌షిప్ మూడోది. వీలైతే మూడోదే మేలు. కోర్సులో ఎందుకు అన్నది తెలుస్తుంది, షెడ్డులో ఎలా అన్నది తెలుస్తుంది. ఒకటి లేకుండా రెండోది కుంటుతుంది. హెల్పర్‌గా మాత్రమే ఎదిగినవాళ్లకు ఎలక్ట్రికల్ డయాగ్రామ్ ముందు కాళ్లు వణుకుతాయి. కోర్సు మాత్రమే చదివినవాళ్లు పట్టేసిన బోల్టును వేడి చేసి తీయాలా, విరగ్గొట్టి డ్రిల్ వేయాలా అన్నది చేతికి తెలియక నిలబడిపోతారు.

ఏ దారిలో వచ్చినా మొదటి ఏడాది రెండేళ్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆయిల్ మార్చడం, గ్రీజు కొట్టడం, ఫిల్టర్లు, కడగడం, సామాన్లు అందించడం. ఇది చాకిరీ అనిపించి చాలామంది వదిలేసి వెళ్తారు. కానీ షెడ్డులో ఎక్కువ బండ్ల కిందికి దూరేది సర్వీసింగ్ చేసే కుర్రాడే. వందో బండి ఆయిల్ దించేసరికి, బాగున్న ఇంజిన్ ఆయిల్ ఎలా ఉంటుందో వేళ్లకు తెలిసిపోతుంది. కాఫీలో పాలు కలిపినట్టు ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. పలచబడి డీజిల్ వాసన వస్తూ, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతోంది. తీసిన ఆయిల్ ఫిల్టర్‌ను చెత్తలో వేసే ముందు కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి వెలుతురులో పెట్టి చూసే హెల్పర్ వేరే బడిలో చదువుతున్నట్టే. మడతల్లో మెరిసే రజను అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, ఉక్కు భాగాలు అరుగుతున్నాయి. అంటుకోకుండా రాగి రంగులో ఉంటే బేరింగులు. తెల్లగా మెరుస్తూ అంటుకోకపోతే అల్యూమినియం, పిస్టన్ వైపు చూడాలి. ఇంజిన్ విప్పకుండానే దాని లోపల ఏం జరుగుతోందో చెప్పే ఈ కాగితం ఏ పరికరం కొనకుండా దొరుకుతుంది.

శుభ్రత గురించి మేస్త్రులు కసురుకోవడం ఊరికే కాదు. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే పద్ధతి) ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 70. విప్పిన ఇంధన పైపు మూతికి క్యాప్ పెట్టకుండా టీకి వెళ్తే, ఆ పది నిమిషాల్లో పడిన దుమ్ము ఇంజెక్టర్‌కు గులకరాళ్లతో సమానం.

ఇక్కడే ఒక చిక్కుంది. ఈ వృత్తి చూసి నేర్చుకునేది. కానీ చూసి నేర్చుకునే వాటిలో కొన్ని ఇప్పుడు ప్రాణం మీదికి తెస్తాయి. పాత పంపులు ఉన్న ఇంజిన్‌లో ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి, నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవారు. ఏది వదిలితే ఇంజిన్ శబ్దం మారదో అదే మూగ సిలిండర్. అప్పట్లో నాజిల్ తెరుచుకునే ఒత్తిడి రెండు వందల బార్ చుట్టుపక్కల. 1990ల రెండో సగంలో బండ్లలోకి వచ్చిన కామన్ రైల్‌లో ఇప్పుడు ఒత్తిడి 2,000 బార్ దాటుతోంది. అంటే గోరంత చోటు మీద రెండు టన్నుల బరువు. ఆ ఒత్తిడిలో పైపు వదులు చేసినా, కారుతోందేమోనని చేత్తో తడిమినా డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. ఆలస్యం చేస్తే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. చిన్న గాయమే కదా అనకుండా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన ప్రమాదం ఇది. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. మూగ సిలిండర్ తెలియాలంటే, బండి కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్‌తో ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూడవచ్చు, లేదా చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే, సిలిండర్ల పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద వేడి కొలిచే గన్ పెట్టి ఏ గొట్టం వెనకబడిందో చూడవచ్చు. గురువు మీద గౌరవం ఎంత ఉన్నా, ఆయన నట్టు వదులు చేస్తుంటే పక్కన నిలబడకపోవడం మంచిది.

ఒత్తిడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు. ఎయిర్ బ్రేకుల స్ప్రింగ్ చాంబర్‌ను లోపలి స్ప్రింగును బోల్టుతో బంధించకుండా విప్పితే అది ఫిరంగి గుండులా వస్తుంది. టిప్పర్ తొట్టి ఎత్తి, కింద దిమ్మె పెట్టకుండా హైడ్రాలిక్‌ను నమ్మి దూరితే తర్వాత చెప్పుకోవడానికి మనిషి ఉండడు. మెల్లగా వచ్చే ముప్పు పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపేటప్పుడు సైలెన్సర్‌కు గొట్టం తగిలించి పొగను బయటికి పంపడం సుకుమారం కాదు.

ఆ పొగతోనే ఒక తరం మెకానిక్కులు రోగం చెప్పేవారు. నల్ల పొగ అయితే గాలి చాలడం లేదు లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలం అయితే ఆయిల్ కాలుతోంది. తెల్లది అయితే డీజిల్ కాలకుండానే వస్తోంది, లేదా నీళ్లు ఆవిరవుతున్నాయి. ఇది ఇప్పటికీ నిజమే. కాకపోతే కొత్త బండ్లలో నల్ల పొగ బయటికి రాదు. మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ దాన్ని లోపలే ఆపేస్తుంది. ఇంజెక్టర్ కారుతున్నా, టర్బో గొట్టం చీలినా సైలెన్సర్ మూతి తుడిచినట్టు శుభ్రంగా ఉంటుంది. రోగం ఇంకోచోట కనిపిస్తుంది. ఫిల్టర్ త్వరగా నిండి, మసిని కాల్చుకోవడానికి ఇంజిన్ మాటిమాటికీ రీజెనరేషన్‌కు పోతుంది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగగానే ఫిల్టర్ విప్పి కడిగి బిగించి పంపేవాళ్లు ఉంటారు. మూడు నెలలకు బండి మళ్లీ అదే దీపంతో వస్తుంది. మసి ఎందుకు పుడుతోందని ఎవరూ అడగలేదు కాబట్టి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్‌లో కొట్టే యూరియా ద్రావణం విషయం కూడా అంతే. అందులో యూరియా కచ్చితంగా 32.5 శాతం ఉండాలి. ఆ ద్రావణాన్ని కొట్టే ఖరీదైన డోజింగ్ పంపు మార్చే ముందు ఒక చుక్క తీసి, ద్రావణం గాఢత చూపే రిఫ్రాక్టోమీటర్ మీద వేసి చూస్తే, డబ్బాలో ఉన్నది మందో నీళ్లో తేలిపోతుంది.

స్కానర్ గురించి అపోహలు రెండు రకాలు. పాతవాళ్లు అది ఆటబొమ్మ అంటారు. కొత్తవాళ్లు అదే రోగం చెబుతుందనుకుంటారు. పెద్ద బండ్లలో ఎక్కువగా వాడే జె1939 పద్ధతిలో స్కానర్ చూపించే ప్రతి తేడా కోడుకూ రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఏ విషయం గురించో, రెండోది ఏం తేడా జరిగిందో చెబుతుంది. ఉదాహరణకు 100 అంటే ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి. దాని పక్కన 1 ఉంటే ఒత్తిడి నిజంగానే ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం, ఇంజిన్ వెంటనే ఆపాలి. అదే 100 పక్కన 4 ఉంటే సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజి ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. వైరు ఎక్కడో బాడీకి తగులుతోందేమో, కనెక్టర్‌లో నీళ్లు చేరాయేమో చూడాలి. మొదటి సంఖ్య ఒక్కటే చదివి ఆయిల్ పంపు దించేవాళ్లున్నారు. అంటే కోడు ఊరి పేరు చెబుతుంది, ఇల్లు మనమే వెతుక్కోవాలి.

ఈ వెతుకులాటలో ఒక చిన్న కొలత ఎన్నో గంటలు మిగులుస్తుంది. బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ లైనుకు రెండు చివర్లలో 120 ఓముల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ తీసేసి, డయాగ్నస్టిక్ సాకెట్‌లో ఆ రెండు తీగల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగిపోయింది. సున్నా దగ్గరికి వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిశాయి. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగిన బండిని చూసి కంగారు పడేవాడికీ, మీటర్ తీసి ఈ ఒక్క అంకె చూసేవాడికీ జీతంలో తేడా ఉంటుంది. అందుకే సొంత సామాన్లు కొనుక్కునే రోజు వచ్చినప్పుడు, మెరిసే సాకెట్ సెట్టు కంటే ముందు మంచి మల్టీమీటర్ కొనాలి. ఆ తర్వాతి జాబితాకు ఒక తేలిక లెక్క ఉంది. ఏ సామాను పక్కవాడి దగ్గర రెండుసార్లు అడుక్కున్నారో అది కొనండి. అప్పు చేసి పెట్టె నింపుకోవడం వద్దు.

మరి కొలవడం ఇంత లాభమైతే అందరూ ఎందుకు కొలవరు? బద్ధకం వల్లే కాదు. చాలా వర్క్‌షాపుల లెక్క అలా ఉంటుంది. పంపు మారిస్తే ఇన్ని గంటలు, హెడ్ దించితే ఇన్ని గంటలు అని బిల్లులో ఉంటుంది. గంటన్నర ఆలోచించి వాషర్ దొరకబట్టినందుకు బిల్లులో గడి ఉండదు. చేసిన పనికి గంటల లెక్కన జీతమిచ్చే చోట, రోగం కనిపెట్టేవాడికి ఆ రోజు కూలి తగ్గుతుంది, పార్టులు మార్చేవాడికి పెరుగుతుంది. ఓనర్‌కు కూడా మారిన పార్టు చూపిస్తే డబ్బు అడగడం తేలిక. వాషర్ చూపించి డబ్బు అడిగితే 'ఇంతేనా' అంటాడు. ఈ వృత్తిలో నైపుణ్యానికి పెద్ద అడ్డంకి ఇదే. దీన్ని గుర్తించిన వర్క్‌షాపులు రోగ నిర్ధారణకు విడిగా రుసుము పెడతాయి. పనిలో చేరే ముందు జీతం ఎంతో అడగడంతో పాటు, తేడా కనిపెట్టడానికి పట్టిన సమయాన్ని ఎలా లెక్కిస్తారో కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు తడబడే చోట రెండేళ్ల కంటే ఎక్కువ ఉంటే చెయ్యి వేగం పెరుగుతుంది కానీ బుర్రకు తుప్పు పడుతుంది.

నాలుగైదేళ్లయ్యాక దారులు చీలతాయి. లారీలు, బస్సులు అందరికీ తెలిసినవి. తవ్వకం యంత్రాల వైపు వెళ్తే ఇంజిన్ సగం పనే, మిగతా సగం హైడ్రాలిక్స్. ఎండలో బురదలో యంత్రం ఎక్కడ ఆగితే అక్కడికి సామాన్లతో వెళ్లాలి. ఒంటరిగా ఆలోచించి నిర్ణయం తీసుకోగలిగేవాళ్లకు అది బాగుంటుంది. జనరేటర్ల పనిలో విద్యుత్తు తెలియాలి. లోడు లేకుండా గంటల తరబడి నడిపిన సెట్టులో కాలని డీజిల్, మసి కలిసి ఎగ్జాస్ట్‌లో తడిగా పేరుకోవడం అక్కడి ప్రత్యేక రోగం. డీజిల్ రైలింజిన్లలో చాలావాటికి ఇంజిన్ చక్రాలను తిప్పదు, కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. ఓడల సంగతి వేరే లోకం. పెద్ద ఓడల ఇంజిన్ సిలిండర్ వెడల్పు మీటరుకు దగ్గరగా ఉంటుంది, నిమిషానికి వంద చుట్ల చొప్పున నిదానంగా తిరుగుతుంది. అక్కడికి వెళ్లాలంటే సముద్రపు అర్హత పరీక్షలు వేరే ఉంటాయి. ఒక చోట కుదురుగా, శుభ్రంగా పని చేయాలనుకునేవాళ్లకు పంపు, ఇంజెక్టర్ల టెస్టింగ్ గది ఉంది. అక్కడ ఓర్పు ఉన్నవాళ్లే నిలుస్తారు.

కరెంటు బండ్లు వచ్చేస్తున్నాయి, డీజిల్ నేర్చుకుని ఏం లాభమని అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రశ్నలో అర్థముంది. ఊరి బస్సులు, చిన్న డెలివరీ బండ్లు ముందు మారతాయి. గనులు, ఓడలు, దూరం పోయే భారీ లోడ్లు, ఆసుపత్రులకు స్టాండ్‌బైగా ఉండే జనరేటర్లు అంత త్వరగా మారవు. పైగా కరెంటు లారీకి కూడా ఎయిర్ బ్రేకులుంటాయి, సస్పెన్షన్ ఉంటుంది, స్టీరింగు, క్యాన్ లైను ఉంటాయి. వోల్టేజి డ్రాప్ కొలవడం తెలిసినవాడికి అటు మళ్లడం కష్టం కాదు. వందల వోల్టుల బ్యాటరీ జోలికి వెళ్లే ముందు దానికి విడిగా శిక్షణ తీసుకోవాలి, అంతే. పిస్టన్లు మార్చడం ఒక్కటే తెలిసినవాడికి మాత్రం ఇబ్బందే.

సొంత షెడ్డు పెట్టడం అందరూ కనే కల. అందులో మెకానిక్ పని సగానికి తగ్గి అప్పులు వసూలు చేయడం, పార్టుల స్టాకు, కుర్రాళ్ల జీతాలు మిగతా సగం అవుతాయి. మంచి మెకానిక్కులు చెడ్డ యజమానులుగా మిగిలిన షెడ్లు కొల్లలు. ఇంకో దారి వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గానో, శిక్షకుడిగానో నిలబడటం. నడుము, మోకాళ్లు మొరాయించే వయసులో ఇది చాలామందికి కుదురుతుంది. అప్పుడు చేతికి మసి అంటేది తక్కువే. కుర్రాడు వచ్చి బండి పికప్ లేదని, పంపు దించనా అని అడుగుతాడు. ఫోర్‌మన్ లేవడు. ఇది మొదలైంది ఎప్పుడు, అంతకు ముందు ఈ బండిలో ఎవరు ఏం విప్పారు అని అడుగుతాడు. కుర్రాడు డ్రైవర్‌కు ఫోన్ చేయడానికి బయటికి వెళ్తాడు.